దాయాదుల మధ్య నేను మార్చిన మాట

రాయబారం అంటే రాయంత భారమని నాకెవరూ ముందుగా చెప్పలేదు. ఏళ్లుగా మోస్తున్నాను. నవ్వుతూనే మోస్తున్నాను, అదే అసలు చిక్కు. మీరు నన్నెరగరు కనుక మీతో చెప్పడం సులువు.

కెనడాలో, మిస్సిసాగాలో నా ఆఫీసు స్నేహితుడు థెంబా. దక్షిణాఫ్రికాలో వాళ్ల తాత ఒక తెగకు పెద్ద. జాతీయోద్యమం వాళ్లకు ఇంట్లో చోటిచ్చాడని వర్ణవివక్ష ప్రభుత్వం ఆయన్ని దించేసి, సొంత తమ్ముణ్ణే ఆ పీఠం మీద కూర్చోబెట్టింది. ఆ పాలన పోయింది. పీఠం మాత్రం తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. థెంబా నాన్న దాన్ని తిరిగి ఇప్పించమని కొత్త ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. ఆ తమ్ముడి మనవడు సిపో కూడా మా ఊళ్లోనే, ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో మేనేజరు. వరసకు అన్నదమ్ములు. పలకరింపుల్లేవు. దాయాదుల సంగతి మనకొకరు చెప్పాలా!

వాళ్ల కుటుంబంలో ఒక ఆచారం. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోతే, ఏ ఇంటికీ చెందని మూడోవాడు కబురు మోయాలి. ఒక్క మాట కలపకూడదు, తీయకూడదు. థెంబా నన్ను పంపాడు. తన తాతకు జరిగింది తప్పని సిపో ఒప్పుకుంటే చాలట, అర్జీ వెనక్కి తీసుకోమని నాన్నకు తనే చెబుతాడట.

సిపో టీ ఇచ్చాడు. విన్నాడు. నవ్వాడు.

"తప్పా? మా తాత కూర్చోకపోతే బయటివాణ్ణెవణ్ణో తెచ్చి పెట్టేవాళ్లు బ్రదర్. ఊరి భూమంతా పోయేది. సారీ చెప్పను. ఇదే చెప్పు, ఇలాగే చెప్పు."

"కొంచెం మెత్తగా చెప్పనా?"

"నువ్వు పోస్ట్‌మ్యాన్‌వా, వంటవాడివా? ఉప్పూకారం నీకెందుకు?"

మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. నేరం మాత్రం అచ్చతెలుగులో చేశాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నవాళ్ల మధ్య పెరిగాను కదా! మా బంధువుల పెళ్లిమాటలన్నీ నేనే నడిపేవాణ్ణి. 'కుదరదు' అన్న కబురును 'ఆలోచిస్తామన్నారు'గా మార్చడం నా చేతివాటం, కాదు, నోటివాటం. 401 హైవే మీద ఇంటిదారి పట్టేసరికే నాలుకకు తేనె పట్టేసింది. తప్పే జరిగిందని సిపో తలొంచుకుని అన్నాడని థెంబాకు చెప్పాను. తలొంచడం నా సొంత కవిత్వం.

థెంబా అక్కడికక్కడే నాన్నకు ఫోన్ చేశాడు. ముసలాయన ఏడ్చాడు. నెల తిరగకముందే అర్జీ వెనక్కి తీసుకున్నాడు. తన సమాధానం నచ్చి థెంబా రాజీకొచ్చాడని సిపో అనుకున్నాడు. ఒకసారి చేరిన కబురును మళ్లీ తిరగతోడకూడదన్నది కూడా వాళ్ల ఆచారమే. అదే నన్ను కాపాడింది. ఇప్పుడు ప్రతి వేసవిలో ఇద్దరూ ఒకే పొయ్యి మీద మాంసం కాలుస్తారు. నాకోసం వంకాయ. పిల్లలు ఒకరి చెప్పుల్లో ఒకరు తిరుగుతారు.

మంచే జరిగింది కదా అని నన్ను నేనే అడుగుతాను. ఎవరికి? న్యాయం జరిగిందని నమ్మి ఒక కొడుకు, థెంబా నాన్న, న్యాయం అడగడం మానేశాడు; అది ఆయన వదులుకున్నది కాదు, నేను ఆయన చేతిలోంచి తియ్యగా లాక్కున్నది. ఒక ప్రభుత్వం తండ్రిని బెదిరించి దించింది. నేను కొడుకును ఓదార్చి దించాను.

వచ్చే నెల ఆ పెద్దాయన కెనడా వస్తున్నాడు. ఆచారం పక్కనపెట్టి, ఆ మాట ఒక్కసారి నా నోట వినాలట. చెబుతానా? చెప్పాలి. పొయ్యిలు మళ్లీ రెండైతే? తెలియదు. పీఠం ఎవరిదో తేల్చడానికి నేనెవణ్ణి? క్షమించమని మిమ్మల్నీ అడగను. సిపో ఆ మాట అనలేదు. అన్నది నేను. చూశారా, ఎంత చిన్న వాక్యమో! రాసేశాక ఈల వేయాలనిపిస్తోంది.