బావ స్కూటరుకు నేను పూసిన పూత

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, లోకంలోని గీతలన్నీ పూడ్చడానికే పుట్టాననుకునేవాణ్ణి. (ఇరవై నాలుగేళ్ల వయసు, పైగా రీసెర్చి. ఇంకేం కావాలి?) వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబులో ఆముదంతో పాలిమర్ పూత ఒకటి తయారుచేశాను. రేకుకు పూసి, మేకుతో గీసి, ఓవెన్‌లో పెడితే పూత మెత్తబడి గీత దానంతటదే పూడుకుపోయేది. తర్వాత దీపం కింద పెడితే వెలుతురుకు గట్టిపడేది. మా గైడు సారు కళ్లద్దాలు తీసి మరీ చూసి, బయట ఎండలో కూడా పనిచేస్తే డాక్టరేటు వచ్చినట్టే అన్నారు.

రోజంతా ఎండలో ఉండే రేకు నాకు తెలిసింది ఒక్కటే, మా బావ స్కూటరు. బావ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ కొట్టు, గుమస్తా. బుక్ చేశాక ఆరేళ్లకు వచ్చిన బండి అది. పాస్టరు గారు ప్రార్థన చేశాకే కిక్కు కొట్టాడు. నెల తిరక్కుండానే బస్తాలెత్తే కొక్కెం తగిలి పక్క రేకు మీద జానెడు గీత పడింది. బావకు వారం రోజులు అన్నం సయించలేదు. నేను అక్కను బతిమాలాను, అక్క బావను బతిమాలింది. "మా తమ్ముడు సదువుకున్నోడు, జర వాని మీద నమ్మకముంచుండ్రి" అంది. బావ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను ఉత్సాహం కొద్దీ గీత ఒక్కటే కాదు, బండంతా పూశాను.

మిర్చి సీజను. మార్కెట్ యార్డులో మిర్చి కుప్పల పక్కన బండి పొద్దంతా ఎండలో ఉంది. మధ్యాహ్నం వేడికి పూత మెత్తబడి గీత పూడిపోయింది. దాంతోపాటే మిరపదుమ్ము, గింజలు, తొడిమలు అందులో కూరుకున్నాయి. ఎండ తగ్గాక వెలుతురుకు అన్నీ కలిసి గట్టిపడ్డాయి. (ల్యాబులో దుమ్ము ఉండదు మరి.) నీలం బండి సాయంత్రానికి ఎర్రబడింది. బావ తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ ఇంటిదాకా నెట్టుకొచ్చాడు. కిరోసిన్ రుద్దాం, బ్లేడుతో గీకాం. ఊడింది అసలు రంగు మాత్రమే.

బావ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "గీతైతే పొయింది బామ్మర్ది. బండి గూడ పొయింది" అని లోపలికి వెళ్లిపోయాడు.

సారుకు చెబితే కాసేపు ఆలోచించి, "అంటుకునే గుణం అమోఘం అని రాయి" అన్నారు. సిగ్గులేకుండా రాశాను. డాక్టరేటూ వచ్చింది. థీసిస్‌లో ఓవెన్ రిపేరు చేసినతనికి కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను గానీ బావ పేరు రాయలేదు. రాస్తే ఎందుకో చెప్పాల్సి వస్తుందని భయపడ్డాను.

డాక్టరేటు వచ్చిందని ఇంట్లో పెట్టుకున్న భోజనాలకు అక్క ఒక్కతే వచ్చింది. బావకు యార్డులో పనుందని చెప్పింది. సరేనని తలూపి, ఇంకో లడ్డూ తీసుకున్నాను. ఆ కొత్త డాక్టరు గారిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు ఆదివారమని, యార్డుకు సెలవని ఆయనకు తట్టనేలేదు.