సైన్సు టీచరు అరువు గొంతు

ఇరవై రెండేళ్లు ఏడో తరగతి పిల్లల మీద అరిచి అరిచి సైన్సు టీచరు గొంతులో బుడిపెలు లేచాయి. మూడు నెలలు నోరు మెదపకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

"శుక్రవారం మీ క్లాసులో కూర్చుంటాను. మాట్లాడకుండా నడపగలిగితే సరే, లేదంటే ఆఫీసులో హాజరు పట్టీలు చూసుకోండి" అంది హెడ్‌మిస్ట్రెస్. 'పాడ్‌కాస్టులు వినిపిస్తాను' అని టీచరు నోటు పుస్తకంలో రాసి చూపించింది. రాయడం తేలికే. వెతకడంలో తల ప్రాణం తోకకొచ్చింది.

పాఠం, మంచినీళ్లు కుళాయిదాకా ఎలా వస్తాయన్నది. మొదటి పాడ్‌కాస్టులో ఒకాయన తన చిన్నతనం గురించి, తన కొత్త మైకు గురించి పదకొండు నిమిషాలు సోది చెప్పి, తీరా నీళ్ల దగ్గరికొచ్చేసరికి "విరామం తర్వాత" అన్నాడు. రెండోదాంట్లో ఇద్దరికీ పగలబడి నవ్వుకోవడంతోనే సరిపోయింది. మూడోదాన్ని బుధవారం క్లాసులో పెట్టి చూసింది. అర్థం కాకపోతే చెయ్యెత్తాలి, ముందు బెంచీ అమ్మాయి ఆపాలి, టీచరు బోర్డు మీద రాసి వివరించాలి. నాలుగు నిమిషాల దానికి ముప్పై ఒక్కసారి ఆపాల్సి వచ్చింది. అందులో రెండుసార్లు వెనక బెంచీలో ఎవరో ఒళ్లు విరుచుకున్నందుకు.

ఇది చాలదన్నట్టు ఇంట్లో మామగారు. నీటి సరఫరాలో ముప్పై ఏళ్లు వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. ఆవిడ ఏది పెట్టినా వెనక నుంచి, "తప్పు! వీడి మొహం, వీడెప్పుడైనా ట్యాంకెక్కాడా?" అంటాడు. గొంతున్న రోజుల్లో "మీరు కాసేపు ఊరుకోండి మామయ్యా!" అని అరిచేది, ఆయన నాలుగు తిరిగి అనేవాడు. ఇప్పుడు 'ఊరుకోండి' అని రాసి చూపిస్తే కళ్లజోడు లేదంటాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

గురువారం సాయంత్రం విసిగిపోయి, 'అయితే మీరే చెప్పండి' అని రాసి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆయన ముందుకు తోసింది. అది మాత్రం కళ్లజోడు లేకుండానే చదివేశాడు. చొక్కా గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని, "ప్రియమైన బాలబాలికలకు శుభాకాంక్షలు. జలము ప్రాణాధారము..." అని మొదలెట్టాడు. టీచరు తల పట్టుకుంది. అంతలో వంటింట్లో పాలు పొంగిన వాసన రావడంతో ఫోన్ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

శుక్రవారం వేరే గతి లేక, చివరిదాకా వినకుండానే దాన్నే పెట్టింది. వెనక హెడ్‌మిస్ట్రెస్. 'జలము' దగ్గరే చేతులు లేచాయి. ఇంతలో ఫోన్‌లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమండీ, ఆ జలము గోల ఎందుకు? పొద్దున పై అంతస్తుకి నీళ్లెందుకు రావో చెప్పండి."

"అదా! ట్యాంకు ఎంత ఎత్తునుంటే నీళ్లు దాదాపు అంత ఎత్తుకి ఎక్కుతాయే. పొద్దున్నే అందరూ ఒక్కసారే కుళాయిలు తిప్పితే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఓసారి నేను వాల్వు సగమే తిప్పి టీకెళ్లా. వచ్చేసరికి సగం వీధి సబ్బు నురగతో నా కోసం వెతుకుతోంది!"

క్లాసు గొల్లుమంది. లేచిన చేతులు ఎప్పుడు దిగాయో ఎవరూ చూడలేదు.

"ఇంత బాగా చెప్తారు కదా, ఊరికే అమ్మాయిని సతాయిస్తారెందుకు?"

"అలవాటు చావదే. తిరిగి అరిచే మనిషి లేక ఇల్లు బోసిపోయింది. ఆ గొంతు మళ్లీ వస్తుందంటావా?"

ముందు బెంచీ అమ్మాయి టీచరు వైపు చూసి ఫోన్ ఆపేసింది. ఈసారి ఎవరూ చెయ్యెత్తలేదు. టీచరు బోర్డు వైపు తిరిగి, చెరిపిన చోటే చాలాసేపు చెరిపింది.

"హాజరు పట్టీలు ఇంకెవరికైనా ఇస్తాలెండి" అని హెడ్‌మిస్ట్రెస్ వెళ్లిపోయింది.

ఆవిడ ఇంటికెళ్లేసరికి మామగారు గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమన్నారు పిల్లలు?"

టీచరు పుస్తకం తీసి పెద్దక్షరాలతో రాసింది. 'మీరు చెప్పినదాంట్లో ఒక తప్పుంది.'

"తప్పా! నా దాంట్లోనా?" ఇల్లు దద్దరిల్లేలా అరిచాడాయన. అసలు అందులో తప్పేమీ లేదు. ఆవిడ కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుని, కొత్త పేజీ తిప్పింది.