శ్రుతి దిగిన పద్యం

బెంగుళూరులోని ఒక పెద్ద హోటల్లో ఆర్గన్ అనే పెద్ద కీబోర్డు వాయించే ఆర్గనిస్టుగా నా ఉద్యోగం ముగియడానికి రెండేళ్ల ముందు, కార్తీక మాసంలో, మా జాజ్ బ్యాండును ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంటి పెళ్లి రిసెప్షనుకు పంపించారు. మేం నలుగురం: డ్రమ్ములు, గిటారు, సాక్సోఫోను, నేను. జాజ్‌లో ఆర్గనిస్టు కుడిచేత్తో పాట, ఎడమచేత్తో కలిపి నొక్కే స్వరాల గుత్తులు, కాళ్లకింది పెడళ్లతో మంద్రం, మూడూ ఒక్కడే నడపాలి.

మాది ఎమ్మిగనూరులో చేనేత కుటుంబం. నాకు హార్మోనియం నేర్పింది ఆ ఊరి ఈరన్న మాస్టరు, పద్య నాటకాల నటుడు. ఆదోని దాకా వస్తున్నాను కదా అని ఆయన్ను పిలిచాను. ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు చెయ్యి పట్టుకుని వచ్చాడు.

మా రెండో పాట అయ్యేసరికి అక్కడి పెద్దవాళ్లు ఆయన్ను గుర్తుపట్టారు. "మాస్టరూ, ఒక్క పద్యమన్నా పాడల్ల," అని పట్టుబట్టారు.

ఆయన వేదిక దగ్గరకొచ్చి నా చెవిలో అన్నాడు: "వద్దని సెప్పప్పా. రెండేండ్ల కింద గూడూరులో పద్యం మధ్యలో గొంతు దిగిపాయ. హార్మోనియం ఆడ, నేను ఈడ. జనం నవ్విరి. అప్పట్నుంచి ఇంట్లో గూడా నోరు తెరవలేదు."

"ఇష్టం లేకుంటే నేనే సెప్తా మాస్టరూ. పాడాలనుంటే మాత్రం నేనుండాను," అన్నాను.

ఆయన జనం వైపు చూసి మైకు అందుకున్నాడు. "అయిదు పెట్టు," అన్నాడు.

నాటకాలవాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. అయిదు ఆ వయసుకు ఎక్కువే. అయినా ఆయన అడిగిందే పెట్టి, మిగతా ముగ్గురినీ ఆగమని సైగ చేశాను.

మొదటి రెండు పాదాలూ నిలిచాయి. మూడో పాదంలో రాగం తీస్తుండగా గొంతు జారడం మొదలైంది. మైకును బిగించి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వినేవాళ్లకు తెలియకుండా ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి పోవడం జాజ్‌లో మాకు రోజూ ఉండే పని. రెండు శ్రుతులకూ చుట్టమైన ఒక స్వరాల గుత్తి మధ్యలో వేసి, కాలిని పక్క పెడలు మీదికి జరిపి, నాలుగున్నర దగ్గర ఆయన్ను కలుసుకున్నాను. ఆయన కళ్లు తెరిచి నావైపు చూశాడు. నాలుగో పాదం అందుకుని, ఊపిరి ఉన్నంతసేపూ రాగం తీశాడు. వెనక వరసల్లోంచి ఈలలు, "వన్స్ మోర్" కేకలు.

ఆయన నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు తెలిసిందిలేప్పా. నేను దిగితే నువ్వూ దిగినావు. నన్ను ఒంటిగా ఇడిసిపెట్టలేదు," అన్నాడు.

వారం తర్వాత కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయన పొద్దున్నే పద్యం ఎత్తుకుంటాండాడు. టీ సల్లారిపోయినా ఆపడు," అంది.

పాడేవాళ్ల గొంతు శ్రుతి జారినా వాళ్ల కోసం నా శ్రుతి మార్చకపోవడం అంతవరకూ నా పద్ధతి. అది నిక్కచ్చితనం అనుకునేవాణ్ణి. హోటల్లో ఇద్దరు గాయనులు ఆ కారణంగానే నాతో పాడడం మానుకున్నారు. పక్కవాద్యం చేసేవాడికి పాడే మనిషి గొంతే శ్రుతి అని ఆదోనిలో తెలుసుకున్నాను. మిగిలిన రెండేళ్లూ కార్యక్రమానికి ముందు గాయకులు ఎవరైనా సరే, "ఈరోజు గొంతెలా ఉంది?" అని అడిగాకే ఆర్గన్ ముందు కూర్చున్నాను.