ఎర్ర చీటీ మేస్త్రీ

లిఫ్టుల కంపెనీలో అందరూ ఆయన్ని ఎర్ర చీటీ మేస్త్రీ అంటారు. ఎందుకంటారో చెబితే గానీ ఆయన చేసుకున్న నిర్వాకం మీకు అర్థం కాదు. లిఫ్టుకి ప్రతి అంతస్తులో తలుపు దగ్గర ఒక స్విచ్చి ఉంటుంది. పైన తాడు దగ్గర ఒకటి, కింద గోతిలో ఒకటి. అన్నీ ఒకే లైను మీద వరసగా ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి తెరుచుకున్నా లిఫ్టు కదలదు. ఏది చెడిందో పట్టుకోవడానికి మెకానిక్కు ఒక్కో స్విచ్చినీ తప్పించి చిన్న వైరు ముక్క కలిపి చూస్తాడు. లిఫ్టు కదిలిందంటే దొంగ దొరికినట్టే. కానీ ఆ ముక్క తీయడం మరిచిపోయాడా, తలుపు బార్లా తెరిచి ఉన్నా లిఫ్టు హాయిగా వెళ్లిపోతుంది. లిఫ్టు అక్కడే ఉందనుకుని కాలు పెట్టినవాడు నేరుగా గోతిలో పడతాడు. అందుకని వైరు ముక్క కలిపినప్పుడల్లా ప్యానెలుకి ఎర్ర చీటీ కట్టాలి. ఒకసారి చీటీ కట్టకుండా వదిలేసినవాణ్ణి మేస్త్రీ పదిమంది ముందు కడిగిపారేసి, వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టాడు. వాడు పరాయివాడు కూడా కాదు, సొంత బావమరిది.

అంత ఖచ్చితమైన మనిషి తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ఏం చేశాడో వినండి.

ఆయనకి యాభై రెండేళ్లు. భార్య ఇంట్లో కర్టెన్లు కుడుతుంది. పెళ్లయిన కొత్త నుంచీ ఆయనకి ఒక ఇబ్బంది ఉంది. పడక మీద అంతా చాలా త్వరగా అయిపోయేది. ఆమె ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, ఆయన ఏనాడూ అడగలేదు. అలాగే ఏళ్లు దొర్లిపోయాయి. తర్వాత రెండోది మొదలైంది. అంగం సరిగ్గా గట్టిపడేది కాదు, గట్టిపడినా నిలిచేది కాదు. నిలవదేమోనన్న భయంతో తొందరపడేవాడు. తొందరపడితే ఆ పాత ఇబ్బంది ఇంకా ముదిరేది. ఈ రెండింటి మధ్యా నలిగి నలిగి చివరికి కోరికే పోయింది. భార్య పక్కన వచ్చి కూర్చుంటే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఆమె నిద్రపోయిందని తెలిస్తే గానీ టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు.

ఎలాగో ధైర్యం కూడగట్టుకుని ఊరికి ఆ చివర ఉన్న ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వెళ్లినవాడు మూడూ చెప్పాలా వద్దా? ఒక్కటే చెప్పాడు, త్వరగా అయిపోతోందని. దాన్నైతే కంగారు మీదికి నెట్టేయొచ్చు. గట్టిపడడం లేదంటే మగాడే కాదనుకుంటారని ఈయనగారి భయం. అలాంటివాళ్లు ఆ డాక్టరుకి రోజుకి పదిమంది తగులుతారని ఎవరు చెప్పాలి? పాపం ఆయన విన్నదానికే మందిచ్చాడు. దాంతో ఉన్న కాస్త కోరికా చల్లారింది, ఉన్న కాస్త పటుత్వమూ పోయింది. మళ్లీ వెళ్లి ఆ ముక్క చెప్పొచ్చు కదా. వెళ్లలేదు. కాగితాలు తీసుకెళ్లి పనిముట్ల పెట్టె అడుగున తోసేశాడు.

రెండు నెలల కిందట నాలుగంతస్తులు మోటారు మోసుకుంటూ ఎక్కితే ఛాతీ పట్టేసింది. ఈసారి భార్య వెంటపడి గుండె డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రక్తనాళాలు సన్నబడ్డాయన్నాడాయన. రోజూ మింగాల్సిన మందులు కొన్ని రాశాడు, నొప్పొస్తే నాలుక కింద పెట్టుకోవాల్సిన చిన్న మాత్ర ఒకటి ఇచ్చాడు. మగతనం కోసం అమ్మే మాత్రలు వేసుకున్నవాళ్లు మాత్రం దీన్ని ముట్టుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, మీకలాంటి అలవాటేమైనా ఉందా అని అడిగాడు. పక్కనే భార్య కూర్చుని ఉంది. లేదన్నాడు. అప్పటికది నిజమే.

పది రోజుల కిందట భార్య దిండు తీసుకుని కుట్టుగదిలోకి మారింది. పెద్ద ఆర్డరొచ్చింది, పొద్దున్నే లేవాలంది.  ఇవాళ గది మారింది, రేపు ఇల్లే మారుతుందనుకున్నాడు మేస్త్రీ. ఆ భయం ఆయన్ని తిన్నగా మందుల షాపుకి తోలింది. మగతనం మాత్ర కొన్నాడు. షాపువాడు ఏమీ అడగలేదు, ఈయన ఏమీ చెప్పలేదు. గుండెది ఒక లైను, దీనిది ఒక లైను, రెండింటికీ సంబంధమేమిటని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అన్ని స్విచ్చిలూ ఒకే లైను మీద ఉంటాయని ముప్పై ఏళ్లు ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి!

ఆదివారం పదకొండింటికి మాత్ర మింగాడు. కాసేపాగి ఆమెని పిలుద్దామనుకుంటుండగా బావమరిది ఊడిపడ్డాడు, అక్క కుట్టుమిషను మోటారు చూడ్డానికి. మిషను ఓ పట్టు పట్టి జరపమంటే మేస్త్రీ వంగి ఎత్తాడు. ఎత్తిన చేయి అక్కడే ఆగిపోయింది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. దవడ లాగేసింది. గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు.

భార్య టేపు మెడలోనే ఉండగా పరుగెత్తుకొచ్చింది. ఆయన చొక్కా జేబులోంచి చిన్న మాత్ర తీసి, నోరు తెరవమంది. ఆయన పళ్లు బిగించాడు. మళ్లీ అడిగింది. తల అడ్డంగా ఊపాడు. స్పృహ తప్పుతోందనుకుని బావమరిది వెనక నుంచి దవడ పట్టుకుని నోరు తెరిపించబోయాడు.

అప్పుడు పట్టుకుంది మేస్త్రీకి అసలు భయం. చెబితే రేపు కంపెనీలో తలెత్తుకోలేడు, అదీ వీడి ముందు, తను పదిమందిలో పరువు తీసిన వీడి ముందు. చెప్పకపోతే ఈ గదిలోనే పోతాడు. మాత్రని బుగ్గన పెట్టుకుని తర్వాత ఉమ్మేస్తే? అదీ ఆలోచించాడు, మహానుభావుడు. నోట్లో పడితే క్షణాల్లో కరిగిపోతుందని డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. ఆమె వేలు పెదవికి తగిలింది.

"వద్దే. మగతనం మాత్ర మింగాను. పదకొండింటికి."

ఆమె చేయి ఆగిపోయింది. మాత్ర కింద పడింది. బావమరిది దవడ వదిలేసి వాకిట్లోకి పరుగెత్తి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. బావ ఏ మాత్ర వేసుకున్నాడో, ఎన్నింటికి వేసుకున్నాడో వీధి వీధంతా వినపడేలా అరిచి చెప్పాడు. సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు గానీ, మేస్త్రీ వాణ్ణి ఆపలేదు.

ఆసుపత్రిలో ఒంటినిండా వైర్లు తగిలించారు. డాక్టరమ్మ అడగడం మొదలుపెట్టింది. ఈసారి మూడూ చెప్పాడు, పనిముట్ల పెట్టెలో ఉన్న కాగితాల సంగతితో సహా. పటుత్వం ఎప్పటి నుంచి తగ్గిందని అడిగితే ఆరు నెలలన్నాడు.

"పందొమ్మిది నెలలండీ" అంది వెనక నుంచి భార్య.

డాక్టరమ్మ రాసుకుంది. గుండె నాళాలు సన్నబడేవాళ్లలో చాలామందికి ముందు పటుత్వం దగ్గరే తెలుస్తుందని, అప్పుడే వచ్చి చెప్పి ఉంటే గుండె సంగతీ అప్పుడే చూసేవాళ్లమని అంది. ఆ చిన్న మాత్ర గానీ నాలుక కింద పడి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవారు కాదేమో అంది. గండం ఇంకా గడవలేదని, మరో రెండు గంటలు చూడాలని చెప్పి వెళ్లింది.

భార్య స్టూలు దగ్గరికి లాక్కుంది.

"నేను పక్కకొస్తే మీకు చెమటలు పట్టడం నాకు తెలీదనుకున్నారా?" అంది. "మీకు కాస్త నిద్రైనా పడుతుందని గది మారాను."

 నువ్వు నన్నొదిలేస్తావని భయమేసి ఆ మాత్ర మింగానని చెప్పాడు మేస్త్రీ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తెర మీద తగ్గుతూ పెరుగుతూ ఉన్న అంకెల వైపు చూసి, రెండు గంటలు అవడానికి ఇంకా ఎంతసేపుందని నర్సుని అడిగింది.