రెండో పేజీ

గ్రంథాలయం అటెండరు పదిహేడేళ్లుగా రచయితల సభలకు కుర్చీలు వేస్తున్నాడు. ఇంట్లో భార్య ముందు నోరు మెదపని మనిషికి సభ చివర వందన సమర్పణ పేరుతో మైకు దొరికేది. ఈసారి ఇరవై మందైనా రాకపోతే సభలే ఎత్తేస్తామని పైఅధికారి తేల్చేశాడు. అంటే మైకు కూడా పోయినట్టే.

ఆ సాయంత్రం అతను దినపత్రికలన్నీ విడదీసి కుర్చీకో కాగితం పెట్టాడు. పేపరు కోసం వచ్చినవాళ్లు గొణుక్కుంటూనే హాల్లో కూర్చున్నారు. హాజరు పుస్తకంలో ఇరవై ఒక్క సంతకాలు పడ్డాయి.

నవలా రచయిత గొంతు సవరించుకున్నాడో లేదో, వెనక వరసలోంచి రిటైరైన బస్సు కండక్టరు తన వాటా పేపరు కాగితం ఊపుతూ అరిచాడు.

"రెండో పేజీ ఇటు రానివ్వండయ్యా."

రచయిత ముఖం వెలిగిపోయింది. తన నవలలో రెండో పేజీ తెరిచి చదివాడు. అందులో పెళ్లికొడుకు తన పెళ్లికే దారి తప్పాడు. హాల్లో కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"మూడోది కూడా కానివ్వండి," అన్నాడు కండక్టరు.

ముప్పయ్యో పేజీ దగ్గర మూసే వేళయింది. అటెండరు చొక్కా సర్దుకుని మైకు వైపు నడిచాడు.

"నువ్వు కూర్చోవయ్యా. పెళ్లికొడుకు పెళ్లికి ఇంకా చేరలేదు," అన్నాడు కండక్టరు.

అచ్చం ఇంట్లోలాగే అతను నోరు మూసుకుని కూర్చున్నాడు.