తలుపు నిజాయితీ

మనిషి గుహ విడిచి గుమ్మానికి తలుపు బిగించుకున్న చారిత్రక దినం నుంచీ తలుపులు దొంగలను అనుమానిస్తూ వస్తున్నాయి. ఎదురు తిరిగి తలుపునే అనుమానించిన ఘనత మాత్రం తూనికలాయనది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగ జీవితమంతా కొట్లలో కాటాలనూ తూకపు రాళ్లనూ శంకించిన మనిషి. రిటైరయ్యాక మిగిలిపోయిన అనుమానాన్ని ఎక్కడో ఒకచోట ఖర్చుపెట్టాలి కదా. సరిగ్గా అప్పుడే వీధి తలుపు మార్చాల్సి వచ్చింది.

పాత తలుపు చినుకు పడితే చాలు, ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోతుంది. "తలుపు తియ్యండర్రా అని మిమ్మల్ని పిలవడమే నా పనైపోయింది. వానలు మొదలయ్యేలోగా పెద్దాడింటికి పోతానే," అని వాళ్లింట్లోనే ఉంటున్న ఆయన అత్తగారు కూతురితో అననే అంది.

అప్పట్నుంచీ తూనికలాయన భార్యకు కంటిమీద కునుకు లేదు. తల్లి వెళ్లకూడదు, తలుపు రావాలి. మొగుణ్ణి వెంటేసుకుని దుకాణానికి బయల్దేరింది. అక్కడ ఆయన జేబులోంచి మందపాటి ఉన్ని సాక్సు తీసి, కుడిచేతికి తొడుక్కుని, అప్పుడు తలుపు పట్టుకున్నాడు.

"చేతికి దెబ్బ తగిలిందా అండీ?" అన్నాడు దుకాణదారు.

"లేదు. నీ తలుపు నిజాయితీ చూస్తున్నా."

"అసలైన టేకండీ. వందేళ్లుంటుంది."

"చూడ్డానికి నువ్వుంటావా?"

సాక్సు చెయ్యి గుండ్రటి పిడి మీద జారింది. "ఇదేదో దాస్తోంది," అని ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పోనీ ఇనుపది చూడండి. ఏనుగు గుద్దినా కదలదు."

"మా ఇంటికొచ్చేది మనుషులు. వాళ్లు తోసినా కదలదన్నమాట."

ఫైబర్ తలుపు అచ్చం టేకులా ఉంటుందని నోరు జారాడు దుకాణదారు. "టేకు కానిదానికి టేకు వేషమెందుకు?" అన్నాడాయన. అద్దం తలుపులో ఏ దాపరికమూ లేదు. దాన్ని మరింత అనుమానించాడు.

అనుమానం అంటువ్యాధి. భార్య ఆయన్ని పక్కకి లాగింది.

"మబ్బులు చూశారా? మీకసలు కొనే ఉద్దేశం లేదు. మా అమ్మ వెళ్లిపోతే పీడా పోతుందని చూస్తున్నారు."

"నీకు అనుమానం ఎక్కువ," అన్నాడు తూనికలాయన ఎంతో నొచ్చుకుని. అని దుకాణదారు వైపు తిరిగాడు. "గుండ్రటి పిడి కాకుండా, కిందికి నొక్కేది లేదూ?"

"ఆస్పత్రుల్లో పెడతారండీ. ఇంటికి అందంగా ఉండదు."

"తగిలించు."

వానకి ఉబ్బని ఆ ఫైబర్ తలుపుకే ఆ పిడి తగిలించారు. సాక్సు చేత్తో నొక్కితే తలుపు బుద్ధిగా తెరుచుకుంది. "ఇది నిజం చెబుతోంది. పంపించు," అన్నాడు.

"ఇంతకీ ఆ సాక్సేమిటండీ?" అంది భార్య.

"మీ అమ్మ వేళ్లు ముడుచుకోవడం లేదు. ఇది తొడిగితే నా వేళ్లూ అంతే. నడి ఎండాకాలంలోనూ తలుపు ఉబ్బిందనే పిలిచింది చూడూ, అక్కడొచ్చింది నాకు అనుమానం."

"ఇంట్లోనే చెప్పొచ్చుగా?"

"తనకోసమని తెలిస్తే తలుపే వద్దంటుంది. ఆ విషయంలో ఆవిడ మీద నాకు ఏ అనుమానమూ లేదు."

తలుపూ వానా ఒకే వారంలో వచ్చాయి. అత్తగారు కొత్త తలుపును ఎగాదిగా చూసి, రంగు బాగాలేదంది. వాన వెలిశాక ఎవర్నీ పిలవకుండా మోచేత్తో పిడి నొక్కి, కబుర్లకని పక్కింటికి వెళ్లింది. పెద్దాడింటి మాట మళ్లీ ఎత్తలేదు.

వెళ్తూ వెళ్తూ తలుపు వెయ్యడం మరిచిపోయింది.