పగలని లాప్‌టాప్

మన్మథరావు గారు నర్సీపట్నంలో ఒక సర్వే కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్లు చూసుకునేవారు. ఆయన పక్క బల్ల దగ్గర పటాలు గీసేవాణ్ణి నేను. పొలాల్లో వాడే లాప్‌టాప్‌లు మాకు పన్నెండు ఉండేవి. ఇటుకల్లాంటివి. బండి మీంచి పడ్డా, నాతవరం చేలల్లో వానకి తడిసినా పనిచేసేవి.

కొత్త విండోస్ వాటికి ఎక్కదని తేలగానే కాంట్రాక్టరు పారేయమన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. యాభై ఏడేళ్ల వయసులో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుని, అన్నిటికీ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించారు.

"వీటికేటయ్యింది? ఇంకో పదేళ్లు దున్నేస్తాయి" అన్నారు నాతో.

రెండేళ్లు నిజంగానే దున్నేశాయి. మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఈ జూన్‌లో, కొలతలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే పంపాలని పైనుంచి ఆర్డరొచ్చింది. అది కొత్త విండోస్‌లో తప్ప తెరుచుకోదు. ఆ ఆర్డరు వేసినవాడు జన్మలో ఏ చేలోనూ దిగి ఉండడు. మన్మథరావు గారు పదిహేను రోజులు ఆ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టారు. తయారుచేసినవాళ్లకి మెయిళ్లు రాశారు. జవాబు లేదు. చివరికి పన్నెండింటినీ పాత సామాన్ల కొట్లో పడేసి రమ్మని కాంట్రాక్టరు ఆయన్నే పంపాడు. తోడుగా నేనూ వెళ్లాను.

కొట్టు నడిపే జోగులమ్మ ఒకదాని మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. సొట్టయినా పడలేదు.

"ఏటి బాబూ, ఇంత గట్టి సామాను పారేత్తన్నారేటి?" అంది.

అయిదో దెబ్బకి మూత తెరుచుకుని తెర వెలిగింది. మన్మథరావు అని పేరు చూపించి, పాస్‌వర్డ్ అడిగింది.

ఆయన వంగి పాస్‌వర్డ్ కొట్టారు. పద్ధతిగా షట్‌డౌన్ చేశారు. మూత వేసి ఆమె ముందుకు జరిపారు.

"ఇప్పుడు కొట్టమ్మా."